మామ పక్క, నా పక్క

మా ఇంట్లో ల్యాప్‌టాప్ ఒక్కటే. దాన్ని వాడేది ఇద్దరం, నేనూ మా మామా. మా ఆయన కూడా వాడతానంటాడు గానీ, ఆయన దాన్ని తనంతట తాను తెరిచిన ఒక్కసారి ఏం జరిగిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను ఆదోనిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. మా ల్యాబులో అన్నిటిలోనూ లినక్సే. మొదట్లో విసుక్కున్నాను, తర్వాత అదే అలవాటై ఇష్టం కూడా అయింది. పిల్లలకు ప్రోగ్రాము రాసి చూపించాలన్నా, ప్రశ్నాపత్రం తయారు చేయాలన్నా నాకు అదే కావాలి. మామకు కావలసింది వేరు. చీర అంచులకు డిజైన్లు గీసే సాఫ్ట్‌వేరు ఆయనది, అది విండోస్‌లో తప్ప నడవదు. ఇంకో ల్యాప్‌టాప్ కొనే ఆలోచన మాకు రాలేదు, వచ్చినా ఆ పూటకే పోయేది. రిపేరు షాపు భాయ్ దగ్గరికి తీసుకెళ్తే, ఉన్న దాంట్లోనే రెండూ ఎక్కించి ఇచ్చాడు.

"ఆన్ చేస్తూనే అడుగుతాది మేడమ్, యాడికి పోవల్ల అని. పైది నొక్కితే మీ పక్క, కిందిది నొక్కితే పెద్దాయన పక్క. ఏదీ నొక్కకుండా ఊరికే ఉంటే మీ పక్కకే పోతాది. మీది ఆయనకు కనపడదు. ఆయనది మీకు కనపడతాది. ఇద్దరికీ కలిపి నడుమ ఇంకో డ్రైవు పెట్టినా. ఆడ ఏం పెట్టినా ఇద్దరికీ దొరుకుతాది" అన్నాడు.

ఆ నడుమ డ్రైవుకు నేను 'ఉమ్మడి' అని పేరు పెట్టాను.

మామది ఎమ్మిగనూరు. ఊహ తెలిసినప్పటి నుంచి మగ్గం మీదే బతికాడు. అత్త పోయాక కూడా అక్కడే ఒక్కడే వండుకుని తింటూ నేసేవాడు. ఒకరోజు వాన తడి మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. కర్నూలులో ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. చేతికర్రతో నడుస్తాడు. కానీ కింద కూర్చోకూడదు, గుంతలోకి దిగకూడదు, ఆ కాలితో బలంగా తొక్కకూడదు. మా పక్క మగ్గాలు గుంత మగ్గాలు. గుంతలో కాళ్ళు పెట్టుకుని కింద చెక్కలు తొక్కుతూ నేయాలి. అంటే మామ ఇక నేయకూడదు. డాక్టరు ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చెప్పాడు, మామ మాత్రం ఒక్కసారికే అర్థం చేసుకున్నాడు. మగ్గాన్ని తెలిసిన వాళ్ళకిచ్చేసి ఆదోనికి, మా ఇంటికి వచ్చాడు.

వచ్చిన కొత్తలో పొద్దున్నే స్నానం చేసి, పంచె కట్టుకుని, ఎక్కడికి పోవాలో తెలియక గేటు దగ్గర నిలబడేవాడు. కాలేజీకి పోతూ ఆయన్ని దాటుకుని వెళ్ళాలంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

అప్పుడే ఎమ్మిగనూరు నుంచి సావుకారి ఫోన్ చేశాడు. మగ్గాలకు నూలు ఇచ్చి నేయించుకునే మనిషి, మామకు చిన్నప్పటి నుంచి స్నేహం. పాత అంచులు ఇప్పటి పిల్లలకు ఎవరికీ తెలియవనీ, మామ గీసిస్తే అట్టలు కొట్టించి మగ్గానికి ఎక్కిస్తాననీ అన్నాడు. అట్టలంటే జాకార్డు అట్టలు. ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో వాటికి కొట్టిన చిల్లులు చెబుతాయి. ఇదివరకు గళ్ళ కాగితం మీద గీసిస్తే సరిపోయేది, ఇప్పుడు అట్టలు కొట్టేవాళ్ళు కంప్యూటర్లో గీసిందే కావాలంటున్నారు. మామ ఫోన్ పెట్టేసి మా ఆయనతో "కోడలి మిషన్ ముట్టుకోవచ్చునా అడుగు" అన్నాడు. నేను అక్కడే, మూడడుగుల దూరంలో, కంది బేడలు ఏరుతున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఇళ్ళల్లో కోడలు మామ ముందు కూర్చోదు. ఎదురుగా నిలబడి మాట్లాడదు. అన్నం వడ్డిస్తుంది, మాత్రలు అందిస్తుంది, "మామా, నీళ్ళు" అంటుంది. అంతకు మించి ఏదైనా ఉంటే నడుమ ఒక మనిషి ఉండాలి. అత్త ఉన్నప్పుడు అత్త. ఆమె తర్వాత మా ఆయన. క్లాసు నిండా పిల్లల ముందు గంటల తరబడి గొంతు చించుకునే దానివి, ఇంట్లో పెద్దాయనకు రెండు ముక్కలు చెప్పలేవా అని మీరు అడగవచ్చు. పోయి మా అమ్మను అడగండి.

కాబట్టి చదువు ఇలా సాగింది. నేను వంటింట్లో మా ఆయనకు చెప్పేదాన్ని. ఆయన హాల్లోకి పోయి వాళ్ళ నాయనకు చెప్పేవాడు. ఆయన జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ళ లెక్క చూసే మనిషి. ఓపిక ఉంది గానీ, విన్నదాంట్లో సగం దారిలోనే పారేసుకుంటాడు.

"ఇది మౌసు నాయనా. దీన్ని జరిపితే ఆడ బాణం జరుగుతాది."

"మగ్గంలో పోగు మోసుకోని అటూ ఇటూ పోయే నాడె మాదిరి."

"నాడె కాదు. సరే, నాడె అనుకో."

మామ త్వరగానే పట్టుకున్నాడు. గళ్ళ మీద ఒక్కొక్క చుక్క పెట్టడం ఆయనకు కొత్త కాదు కదా. మా ఆయన మచ్చుకు ఒక పువ్వు గీసి, సేవ్ చేసి, ఉమ్మడిలో పెట్టి చూపించాడు. అయితే ఆ చివరి పనిని తన చేత్తో చకచకా చేసేశాడే తప్ప, అదేమిటో, ఎందుకో చెప్పలేదు. నేను వంటింటి గుమ్మంలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాను. ఆయన చూడనేలేదు.

"పని అయిపోయినాక ఏం చేయల్ల?" అని అడిగాడు మామ.

"ఏముంది, మూత మూసెయ్."

మూత మూస్తే మిషన్ ఏం చేయాలో నేనే పెట్టి ఉంచాను. బ్యాటరీ పాతది, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని మూత పడగానే తెర మీద ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టు డిస్కులో దాచుకుని ఆరిపోతుంది. మళ్ళీ ఆన్ చేసి తన పక్కకు పోతే ఎక్కడ ఆపాడో అక్కడే తెరుచుకుంటుంది. ఒక రకం నిద్ర అన్నమాట. దాన్నే మామ మగ్గం అనుకున్నాడు.

అనుకోవడంలో తప్పేం లేదు. మగ్గం మీద ఎవరూ ఏదీ సేవ్ చేయరు. నేసింది నేసినట్టే చుట్టుకుని ఉంటుంది, సాయంత్రం లేచిపోయి పొద్దున్నే వచ్చి అక్కడి నుంచే మొదలుపెట్టుకోవచ్చు. పైగా మగ్గాన్ని ఎప్పుడూ ఖాళీ చేయరు. ఒక పడుగు, అంటే నిలువు పోగుల చుట్ట, అయిపోతే బట్ట కోసుకుంటారు గానీ, పాత పోగుల కొసలను దువ్వెన లాంటి అచ్చులో అట్లాగే ఉంచుతారు. కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతుకుతారు. కొసలన్నీ లాగేసి మగ్గం శుభ్రం చేశారంటే ఆ ఇంట్లో నేత మానేశారని లెక్క. మామ ఆ పద్ధతే ఇక్కడా పాటించాడు. గీస్తున్న బొమ్మను ఒక్కరోజు కూడా మూయలేదు. ఒక అంచు పూర్తయితే దాని పక్కనే, అదే తెర మీద, కొంగు మొదలుపెట్టాడు.

ఇదేదీ నాకు తెలియదు. నేను కాలేజీ నుంచి వచ్చి నా పక్క తెరిస్తే ఉమ్మడి తెరుచుకునేది గానీ, అందులో ఏమీ రాయనిచ్చేది కాదు. విండోస్ పూర్తిగా ఆరిపోలేదు, నిద్రలో ఉంది, అవతలి మనిషి ఇంకా లోపలే ఉన్నాడు కాబట్టి నేను ముట్టుకోను అంటుంది లినక్స్. దానికీ మా ఇంటి మర్యాదలే. చదువుకోవచ్చు, అంతే. చదవడానికేమో మా ఆయన గీసిన ఆ ఒక్క పువ్వే ఉండేది. ఏ రోజు చూసినా ఆ పువ్వే.

"మామను పని అయినాక సేవ్ చేసి, పూర్తిగా ఆఫ్ చేయమని చెప్పప్పా."

"చెప్తాలేవే."

"చెప్పినావా?"

"చెప్పినట్లే."

ఆ పువ్వును చూసి చూసి నేననుకున్నది ఏమిటంటే, మామకు గీయడం రావడం లేదు, మేమిద్దరం పోయాక ఊరికే తెర ముందు కూర్చుంటున్నాడు అని. ఆయన పక్క తెరిచి చూద్దామంటే ఆయన గదిలోకి తొంగి చూసినట్టు అనిపించింది. అడిగించడానికి కూడా మనసు రాలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటాడని.

ఒక ఆదివారం నాకు కాలేజీలో పరీక్ష డ్యూటీ పడింది. మామ వీధి చివరి షాపుకు క్షవరానికి పోయాడు. ఆ సమయంలో సావుకారి మా ఆయనకు ఫోన్ చేసి, అట్టలు కొట్టే మనిషి దగ్గరికి రేపు పోతున్నా, అంచు తయారైతే పంపు అన్నాడు. మా ఆయన హుషారుగా ల్యాప్‌టాప్ ఆన్ చేశాడు. ఏదీ నొక్కలేదు, అది తిన్నగా నా పక్కకు పోయింది. నా పాస్‌వర్డు ఆయనకు తెలుసు, ఆయన పేరే కాబట్టి. ఉమ్మడి తెరిచాడు, పువ్వు కనపడింది, పైన లాక్ గుర్తు కనపడింది. లాక్ పడింది కాబట్టి మిగతావి కనపడటం లేదని తేల్చుకున్నాడు. మిల్లులో కంప్యూటర్ చూసే స్నేహితుడికి ఫోన్ చేసి, లాక్ తీయడానికి ఏం కొట్టాలో చెప్పించుకుని, ఒక్కొక్క అక్షరం అడిగి అడిగి కొట్టాడు. అది లాక్ తీసే కమాండు కాదు. విండోస్ దాచుకున్న నిద్రనంతా చెరిపేసి దారి ఖాళీ చేసే కమాండు. నిద్ర లేపదు, గొడవ చేయదు, ఏమీ అడగదు. లాక్ గుర్తు పోయింది. లోపల అదే పువ్వు.

నాకు ఫోన్ చేసి "లాక్ తీసేసినా పో, నువ్వు ఇన్నాళ్ళ నుంచి ఏడుస్తాంటివి గదా" అన్నాడు. నేను వరండాలో నిలబడి ఉన్నాను, లోపల పిల్లలు రాసుకుంటున్నారు. "మామ ఏమన్నా తెరిచిపెట్టుకున్నాడేమో చూసినావా?" అన్నాను.

"ఏం గీసినాడే నాయన, నేను గీసిన పువ్వు తప్ప ఏముంది ఆడ" అన్నాడు.

మర్నాడు పొద్దున నేను వంటింట్లో ఉండగా, హాల్లో మామ కుర్చీ లాక్కోవడం వినపడింది. మౌసు టకటకా నొక్కుతున్నాడు. ఆ తర్వాత, "ఒరేయ్, నా అంచు యాడ పోయినాదిరా" అన్నాడు.

"ఏ అంచు నాయనా?"

"మామిడి పిందెలు. రెండు వరసలు. మధ్యన చిలకలు. కొంగు సగానికొచ్చినాది."

గరిట పట్టుకునే గుమ్మంలోకి వచ్చాను. మా ఆయన ముఖం చూడాలి, పాలిపోయింది. మామ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. తెర వైపే చూస్తూ, "నేనేమన్నా తప్పు నొక్కింటానా? కోడలి మిషన్ చెడిపోయినాదా?" అన్నాడు. మా ఆయన తను చేసింది చెప్పకుండా చార్జరు పీకి మళ్ళీ పెట్టాడు. ఇన్నేళ్ళలో ఆయన్ని కొట్టాలనిపించింది ఆ ఒక్కసారే.

నేను ల్యాప్‌టాప్ తీసుకుని ఆటో ఎక్కి భాయ్ షాపుకు పోయాను. ఆయన లోపలంతా వెతికి చూసి ల్యాప్‌టాప్ మూసి నా ముందు పెట్టాడు. "సేవ్ చేసింటే కదా మేడమ్ దొరికేది. నిద్రలో ఉండె, ఆ నిద్రే లేకుండా పాయె. ఎవురి దగ్గరికి పోయినా రాదు, తిరగొద్దండి."

ఇంటికి వచ్చేసరికి మామ సంచి సర్దుకుంటున్నాడు. దుప్పటి, రెండు పంచెలు, మాత్రల డబ్బా. "నన్ను ఎమ్మిగనూరులో దింపి రారా. ఆ ఇంట్లోనే ఎట్లో పడుంటా. ఇంక నాతో కాదు" అని కొడుకుతో అంటున్నాడు. మా ఆయన బతిమాలుతున్నాడు గానీ అసలు సంగతి మాత్రం చెప్పడం లేదు. నాకు ఒకటి స్పష్టంగా తెలుసు. ఈ మనిషి ఇవాళ బస్సెక్కితే ఇక జీవితంలో ఏ గీతా గీయడు. నేత పోయింది, చేతులకు మిగిలిన ఈ ఒక్క పనీ తనే పాడు చేశానని నమ్ముకుని ఆ ఖాళీ ఇంట్లో పడుకుంటాడు. ఆ నమ్మకం అబద్ధం. అబద్ధమని చెప్పే మాట ఇక ఎవరి ద్వారా పంపించినా దారిలోనే పోతుంది.

గదిలోకి వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"మామా, మీరేమీ పాడు చేయలేదు. మీకు చెప్పాల్సిన మాట ఒకటి మీదాకా రాలేదు."

ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. కోపం కాదు, కోడలి ముఖంలోకి చూడని అలవాటు. నేను గోడకు చెప్పినట్టే చెప్పాను. అది మగ్గం మాదిరి కాదు మామా, చేసింది దానంతట అది నిలుపుకోదు, నిలుపుకోమని మనం చెప్పాలి, ఆ చెప్పడాన్నే సేవ్ అంటారు. మూత మూస్తే నిద్రపోతుంది, ఆ నిద్రను మీ కొడుకు తెలియక చెరిపేశాడు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి, "అవు నాయనా. నేనే" అన్నాడు, ఎట్టకేలకు.

మామ సంచి తాడు ముడి విప్పాడు.

"నిలుపుకోమని దానికి యాడ చెప్పల్ల?" అని అడిగాడు. గోడను కాదు, నన్నే.

హాల్లోకి వచ్చాం. ఆయన కుర్చీలో కూర్చున్నాడు, నేను పక్కన వంగి నిలబడి చూపించాను. రెండుసార్లు చూశాడు. మూడోసారి "నిలబడుకోని ఎంతసేపు చెప్తావమ్మా. నీ తల అడ్డమొస్తాంది నాకు. కూసో" అన్నాడు. మా ఆయన పరుగున పోయి స్టూలు తెచ్చి నా వెనక పెట్టి, మళ్ళీ కనపడకుండా పోయాడు. కూర్చున్నాను. ఆరోజు మా ఆయన చేసిన మంచి పని అదొక్కటే.

పోయిన అంచు మళ్ళీ రాలేదు. కొత్తది గీశాం. ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళు ఆడించుకుంటూ "ఈడ మూడు వదులు, ఈడ ఒకటి పెట్టు" అనేవాడు, నేను పెట్టేదాన్ని. చెయ్యి కుదురుకున్నాక తనే గీసుకునేవాడు. ఒక పిందె గీస్తే ఒక సేవ్. ఒక ఆకు గీస్తే ఒక సేవ్. దగ్గు వచ్చినా సేవ్ చేసి దగ్గేవాడు. పూర్తయ్యాక చూసుకుని, "బాగుండాది. కానీ అది వేరే" అన్నాడు. పోయినదాన్ని చూసింది ఆయనొక్కడే.

ఇప్పుడు పని కాగానే మిషన్‌ను పూర్తిగా ఆపేస్తున్నాడు. నేను ఇంటికి వచ్చి నా పక్క తెరిస్తే ఉమ్మడిలో ఆయన ఆరోజు గీసింది ఉంటుంది. మా కాలేజీ అటెండరమ్మ పాత చీరల ఫోటోలు తీసి నేను అందులో పెడితే, మర్నాడు "ఆ నీలం చీర అంచు నేసినోడెవుడో గట్టోడు" అని నాతోనే అంటాడు, కొడుకుతో చెప్పించడు. ఈ మాటలు మా అమ్మకు ఇంకా తెలియవు.

అట్టలు కొట్టించి, మగ్గానికి ఎక్కించామని సావుకారి కబురు పెడితే ముగ్గురం ఎమ్మిగనూరు పోయాం. సావుకారి షెడ్డులో, నా వయసు నేతామె ఒకామె నేస్తోంది. అప్పటికే జానెడు నేసింది. మామ చేతికర్ర ఆనించుకుని వంగి, బట్ట అడుగు వైపు చూశాడు. చిలక ముక్కు దగ్గర గోటితో గీకాడు. ఎంతసేపటికీ పైకి లేవలేదు.

"కుర్చీ ఎయ్యమంటావా అన్నా?" అన్నాడు సావుకారి.

"వద్దు. గుంతలో కూసుంటా."

అందరం ఒక్కసారే వద్దన్నాం. మా ఆయన డాక్టరు పేరు ఎత్తబోయాడు. "తొక్కనులేరా. కాళ్ళు యాలాడేసుకుంటా" అన్నాడు మామ, అప్పటికే కర్ర పక్కన పెట్టేసి. ఆమె లేచింది. ఇద్దరు మగవాళ్ళు చంకల కింద చేతులు వేసి ఆయన్ని మెల్లగా గుంత అంచున కూర్చునే పలక మీదికి దించారు. ముఖం ఒకసారి నొప్పితో వంకర పోయింది, తర్వాత సర్దుకుంది. కుడిచేత్తో నాడె తాడు పట్టుకున్నాడు.

పక్కనే కూర్చొని తొక్కడానికి నేతామె గుంతలోకి దిగబోయింది.

"నువ్వు వద్దులేమ్మా" అని, మామ తల తిప్పి, సావుకారి ముందర, కొడుకు ముందర, తలుపు దగ్గర ఆడవాళ్ళతో నిలబడి ఉన్న నా వైపు తిన్నగా చూశాడు. "నువ్వు రామ్మా. నువ్వు తొక్కు."

"నాకు రాదు మామా. నేనెప్పుడూ మగ్గమెక్కలేదు."

"నేను చెప్తా గదా. వచ్చి నా పక్కన కూసో."

షెడ్డులో మిగతా మగ్గాలు కూడా ఆగిపోయాయి. కొంగు నడుముకు దోపుకుని గుంతలోకి దిగాను. పలక చిన్నది, నా భుజం ఆయన భుజానికి తగులుతోంది. నాకు భయమేసింది, అంతకంటే ఎక్కువగా గర్వమనిపించింది.

"కుడిది" అన్నాడు. తొక్కాను. ముందర పోగులు రెండుగా విడిపోయాయి. తాడు లాగాడు, నాడె ఆ కొసకు దూకింది, ఎడమచేత్తో అచ్చు దగ్గరికి కొట్టాడు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం మీదికి వస్తున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"ఎడమది" అన్నాడు. తొక్కాను.